పాడుతున్న సెట్టు విప్పకూడదు

మేడ మీది గది,
ఫిబ్రవరి నెల

ఒరేయ్ గరగరా,

సగం జీవితం దాటేసినవాణ్ణి ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నానని మరదలు పిల్ల మూతి ముడుచుకుంటుందేమో. పుట్టగానే నువ్వు ఏడ్చిన ఏడుపు స్టేషన్ కుదరని రేడియోలా ఉందని నాన్న పెట్టిన పేరు అది. ఆయన పెట్టింది మార్చడానికి నేనెవర్ని?

ఫోను చేద్దామనుకున్నాను. కానీ నీతో ఫోనులో మాట్లాడాలంటే నేను గొంతు చించుకోవాలి, నువ్వు "ఆఁ? ఆఁ?" అంటూ ఉండాలి, ఆ సంగతంతా మా కింద వాటావాళ్ళు హాయిగా వినాలి. ఊళ్ళో రేడియోలన్నీ చెవికి ఆనించుకుని బాగుచేసినవాడికి చివరికి ఆ చెవే మొండికెయ్యడం ఏం చోద్యమో! పైగా ఇప్పుడు చెప్పబోయేది నలుగురూ వినేలా అరిచే సంగతి కాదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందే చెబుతున్నాను, కంగారు పడకు. ఈమధ్య నీరసంగా ఉంటోందని డాక్టరమ్మకి చూపించుకున్నాను. ఒంట్లో రక్తం తక్కువగా ఉందంది. అది ఎటు పోతోందో చూడాలని పెద్దపేగు పరీక్ష చేయించింది. సన్నటి గొట్టం, చివర కెమెరా, వెనకదారిన లోపలికి పంపిస్తారు. నవ్వకు. మత్తు ఇస్తారు కాబట్టి మనకేమీ తెలియదు. చూస్తే లోపల ఒక పాలిప్ ఉందట. అంటే పేగు గోడ మీద చిన్న కండ పెరగడం. తీసేశారు. అంతే. నేను బాగానే ఉన్నాను. మీ బావ వంట చేస్తున్నాడు. ఇన్నేళ్ళు బస్సు నడిపిన చెయ్యి కదా, గరిటె కూడా గేరు మార్చినట్టే తిప్పుతున్నాడు.

అసలు సంగతి ఇక్కడుంది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి ఇబ్బంది ఉండేదా?" అని డాక్టరమ్మ అడిగింది. మా నాన్నకి మొలలుండేవి, అంతకంటే ఏమీ లేదన్నాను. ఆయన ఎలా పోయారంది. చెప్పుకుంటూ వెళ్ళాను. నీరసపడటం, చిక్కిపోవడం, బెల్టు వదులైనప్పుడల్లా సోల్డరింగ్ ఐరన్ కాల్చి ఆయనే కొత్త చిల్లు పెట్టుకోవడం, ఆ తోలు కాలిన కంపుకి మనం ముక్కులు మూసుకుని నవ్వడం. ఆవిడ నవ్వలేదు. "మీకు తోడబుట్టినవాళ్ళున్నారా?" అంది. ఉన్నాడు ఒక్కడే, అన్నాను. అతనికి ఏ బాధా లేకపోయినా సరే, వెంటనే ఈ పరీక్ష చేయించుకోమని చెప్పండి అంది.

చెప్పాను. నాన్న పోయిన వయసుకి నువ్వు వచ్చేశావురా. ఈ నెలలోనే చేయించుకో.

మరదలికి నా దీవెనలు.

నీ అక్క


కొట్టు,
మార్చి నెల, బేరాల్లేని మధ్యాహ్నం

పెద్ద స్టేషన్ గారికి,

ఇంట్లో ఏ మూల ఏం జరిగినా వార్త నీ నోటి నుంచే రావాలి కాబట్టి, నీకు నేను పెట్టిన పేరు కూడా ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది. నీకు బాగైనందుకు సంతోషం. బావగారు వంటింట్లో దూరారంటే నువ్వు మంచానైనా పడుండాలి, లేదా ఆయనకి మతైనా పోయుండాలి. పాలిప్ ఒక్కటే అంటున్నావు కాబట్టి రెండోదే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం బల్ల మీద పరిచి చదువుతుంటే ఆ బెల్టు వాసన నిజంగానే ముక్కుకి తగిలింది. నేనూ రోజంతా అదే పొగలో కూర్చుంటాను గానీ, ఇప్పుడు బల్ల మీదకి వచ్చేవన్నీ చార్జర్లూ రిమోట్లే. వాటికి మొహమే ఉండదు. అప్పుడు ఒక్కో రేడియో సెట్టుకి ఒక్కో మొహం. కొట్టు గుమ్మం పైన నాన్న వేలాడగట్టిన స్పీకరు గుర్తుందా? సాయంత్రం వార్తల వేళకి దాని కింద వీధిలో సగం మంది నిలబడేవాళ్ళు. నువ్వు ఎత్తు స్టూలు మీద కూర్చుని, నోట్లో చుట్లు లెక్క పెట్టుకుంటూ రాగితీగతో కాయిల్ చుట్టేదానివి. నేను బల్ల కింద చేరి కావాలని తప్పుడు అంకెలు అరిచేవాణ్ణి. నీ లెక్క పోయేది. మళ్ళీ మొదటి నుంచి చుట్టేదానివి. ఆ తరవాత నా వీపు మోగేది.

ఇక నీ హుకుం విషయానికి వస్తాను. అక్కా, నాకేమీ లేదు. తింటున్నాను, పడుకుంటున్నాను, షట్టరు ఒంటిచేత్తో ఎత్తుతున్నాను. చెవి మాట వదిలెయ్, మిగతా సెట్టంతా బ్రహ్మాండంగా పాడుతోంది. పాడుతున్న సెట్టు విప్పకూడదని నాన్న ఎన్నిసార్లు చెప్పలేదు? లెక్కల మేష్టారి సెట్టు మర్చిపోయావా? పాపం, ఆయన మీట ఊడిందని తెచ్చారు. మీట వేసి పంపేస్తే పోయేది. దుమ్ము దులుపుదామని నాన్న సెట్టు వెనక అట్ట తీశాడు. లోపల ఏదో తీగ చేతికి ఊడివచ్చింది. అంతవరకూ గలగలా పాడుతున్నది కాస్తా మూగబోయింది. "పాడుతున్నదాన్ని చంపేశావు కదయ్యా" అని మేష్టారు అందరి ముందూ అన్నారు. ఆ రోజు నాన్న అన్నం ముట్టలేదు. ఆ మర్నాటి నుంచే మనకి ఆ నియమం.

నేను ఆ నియమం మీదే ఇన్నేళ్ళు కొట్టు నడిపాను. ఒక్కడూ నన్ను మాట అనలేదు. కాబట్టి బాగున్నవాణ్ణి ఆస్పత్రికి వెళ్ళి, నన్ను విప్పి చూడండి అనలేను. అదీ వెనక అట్ట తీసి!

బావగారి వంటకి అలవాటు పడకు.

నీ గరగర


మేడ మీది గది,
ఏప్రిల్ నెల

గరగరా,

నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. వెనక అట్ట మాట మీ బావకి చదివి వినిపించాను. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం నవ్వు అయ్యాక కోపం వచ్చింది.

లెక్కల మేష్టారి కథ నీకు సగమే తెలుసు. అంత తిట్టు పడ్డాక ఆ రోజు కొట్టు కట్టేశాక ఏం జరిగిందో చూడటానికి నువ్వు లేవు, నేనున్నాను. నాన్న ఆ సెట్టుని మళ్ళీ బల్ల మీద పెట్టాడు. ఊడిన తీగని నా అరచేతిలో పెట్టి, వేళ్ళతో నలపమన్నాడు. పైనున్న రబ్బరు పొడిపొడిగా రాలిపోయింది. "చూశావామ్మా, నా చెయ్యి తగిలింది కాబట్టి ఊడి ఊరుకుంది. లేకపోతే రేపోమాపో వాళ్ళింట్లో మొత్తం అంటుకునేది" అన్నాడు. మరి ఆ మాట మేష్టారితో ఎందుకు అనలేదని అడిగితే, "ఆయన పెద్దమనిషి, మనకెందుకులే" అన్నాడు. నాన్నకి ఎదురుచెప్పడం ఎప్పుడు చాతనైంది గనక? ఆ తీగ మార్చి, మిగతా తీగలన్నీ పెన్సిల్‌తో ఒక్కోటీ తట్టి చూసుకుని, సెట్టు పంపించేశాడు. మేష్టారు పోయినా ఆ సెట్టు చాలాకాలం పాడింది.

కాబట్టి నువ్వు పట్టుకు వేళ్ళాడుతున్న నియమం సెట్ల మంచి కోసం పెట్టింది కాదురా. మాట పడకుండా ఉండటం కోసం పెట్టుకున్నది. పిచ్చి మారాజు, దాన్నే తన ఒంటికి కూడా పెట్టుకున్నాడు. కూనిరాగం తీస్తూ పని చేసుకుంటున్నంతకాలం తనకేమీ లేదనుకున్నాడు. మనమూ అదే అనుకున్నాం.

ఇంకో సంగతి. అమ్మ ఇంకా చీకటి ఉండగానే లేచి పెరట్లో నాన్న బట్టలు విడిగా ఉతికేది, గుర్తుందా? మిగతావన్నీ మన చేత ఉతికించి, అవి మాత్రం ఎవ్వర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మీ ఆయనంటే అంత ప్రేమా అని పక్కింటావిడ ఆటపట్టించేది. అమ్మ తల వంచుకుని నవ్వేది. ఈ మంచం మీద పడుకుని ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ బట్టలకి ఏముండేదో నాకిప్పుడు తెలుస్తోంది. ఆయన సిగ్గు, ఈవిడ గుట్టు. ఇద్దరూ కలిసి మొలలని పేరు పెట్టి దాచేశారు.

పాలిప్ అంటే రాత్రికి రాత్రి పెరిగేది కాదట. ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా ఉంటుందట. నొప్పుండదు, మంటుండదు. అలా ఉన్నప్పుడే చూశారంటే ఆ గొట్టంతోనే, అప్పుడే, తీసి పారేస్తారు. కత్తీ లేదు, కుట్లూ లేవు. చూడకుండా వదిలేస్తే అందులో కొన్ని ముదిరి కాన్సరవుతాయి. బాగున్నప్పుడే వెళ్ళమనేది అందుకు. బాగోలేనప్పుడు ఎవరైనా వెళతారు. పరీక్షకి ముందురోజు ఏదో మందు నీళ్ళు కలుపుకుని తాగాలి, కాసేపు పరుగులు పెట్టాలి. అదొక్కటే కష్టం.

నాకు తోడబుట్టినవాడివి నువ్వొక్కడివేరా. నువ్వు కావాలి నాకు. ఇంతకంటే ఎలా రాయాలో తెలియడం లేదు.

అక్షరాలు వంకర పోతున్నాయని వెక్కిరించకు, కీళ్ళ నొప్పులు. వేడినీళ్ళు తప్ప ముట్టుకోవడం లేదు.

నీ అక్క


కొట్టు,
మే నెల

అక్కా,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాలుగోది ఇది.

అమ్మ బట్టలుతకడం గురించి నువ్వలా రాసుండాల్సింది కాదు. నా మనసులో అది చాలా మంచి జ్ఞాపకం. పెరట్లో నీళ్ళ చప్పుడుకి నాకు సగం మెలకువ వచ్చేది. అమ్మ ఉందిలే అనుకుని మళ్ళీ ముడుచుకుని పడుకునేవాణ్ణి. ఇన్నేళ్ళు దాచుకున్నదాన్ని నువ్వు ఒక్క ఉత్తరంతో ఇంకోలా చేసేశావు. ఇప్పుడు ఆ చప్పుడు తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

నాన్నని కూడా పిచ్చి మారాజు అన్నావు. ఆయన చివరి వారం వరకూ కొట్టు తెరిచాడు. నిలబడలేకపోతే నీ ఎత్తు స్టూలు మీద కూర్చుని చేశాడు. అప్పటికి నువ్వు పెళ్ళై వెళ్ళిపోయావు, పక్కనున్నది నేను. వర్షం పడుతున్న ఒక సాయంత్రం ఎవరూ రాలేదు. స్పీకరు ఆపేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, డయల్ మీద ముల్లు మెల్లగా ఎలా జరపాలో చూపించాడు. "తొందరపడితే స్టేషన్ దాటిపోతావురా" అన్నాడు. రెండు స్టేషన్ల మధ్య వచ్చే ఆ గరగర మీద కూడా ఆయనకి ప్రేమే. నీ పేరు వినపడుతోంది చూడు అని నవ్వాడు. ఆయన చెయ్యి నా చేతి మీద ఉంది. ఎముకలన్నీ తెలుస్తున్నాయి. నాకు ఆయన అలా గుర్తున్నాడు. నాకు అలాగే ఉండాలి.

నువ్వు రాసిందంతా చదివాను. అర్థం కాక కాదు. నాన్నలాగే నాకూ ఈ చలికాలం నుంచి మొలలు కాస్త ఇబ్బంది పెడుతున్నాయి, రోజంతా స్టూలు మీద కూర్చునే పని కదా. ఆయన లాగే నేనూ పనిచేసుకుంటున్నాను. ఎవరికీ బరువు కాలేదు. ఇక ఈ సంగతి ఎత్తకు. ఎత్తితే జవాబు రాయను.

నీ చేతిరాత చూసి మాత్రం భయమేసింది. కాయిల్ చుట్టిన చేతులకి కీళ్ళ నొప్పులేమిటి? మంచి డాక్టరుకి చూపించుకో.

గరగర


మేడ మీది గది,
మే నెల

తమ్ముడూ,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే మీ బావ రాస్తున్నాడు. నా వేళ్ళలో కలం నిలవడం లేదు.

నీకు జవాబు రాసే ఓపిక లేకపోతే రాయకు. కానీ ఇది చివరిదాకా చదువు. చదివాక దాచకుండా మరదలికి ఇవ్వు.

నేను నీకు పాలిప్ అని రాశాను. అబద్ధం. కాన్సర్. ఒకప్పుడు అది పాలిప్‌గానే ఉండుంటుందని డాక్టరమ్మ అంది. నేను చూపించుకునే వేళకి ముదిరిపోయింది. కడుపు కోసి పేగు ముక్క తీసేశారు. పేగు పక్కనుండే గ్రంథుల్లోకి కూడా పాకిందని ఇప్పుడు మందులు ఎక్కిస్తున్నారు. కీళ్ళ నొప్పులు కావు, ఆ మందుకి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. చల్లనీళ్ళు తగిలితే చాలు, చిన్నప్పుడు కరెంటు తియ్యని సెట్టులో వేలు పెడితే కొట్టేది చూడు, అచ్చం అలా కొడుతోంది. అందుకే వేడినీళ్ళు.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నీ సంగతి నాకు తెలుసు కాబట్టి. భయం వేస్తే నువ్వు బల్ల కింద దూరే రకం. చిన్న విషయం అని చెబితే నవ్వుకుంటూ వెళ్ళి చేయించుకుంటావనుకున్నాను. నా లెక్క తప్పింది. ఈసారి నువ్వు అంకెలు అరవకుండానే తప్పింది.

నిరుడంతా మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చేది. వయసులే అనుకున్నాను. అంతకుముందు మా పేటలో ఆరోగ్య కేంద్రం వాళ్ళు మలం పరీక్షకి చిన్న డబ్బా ఇంటికే తెచ్చిస్తే, ఛీ అని తిప్పి పంపించాను. నాకేమీ లేదని వాళ్ళతో అన్నాను. నాకు అప్పుడు నిజంగానే ఏమీ తెలియలేదు. పాట ఆగాక విప్పారు నన్ను.

ఇప్పుడు నీ మాట. మొలలు అని రాశావు. చలికాలం నుంచి అన్నావు. రక్తం పడుతోందా? పడుతోందనే అనుకుంటున్నాను, లేకపోతే నువ్వు ఆ మాట ఎత్తేవాడివే కావు. మొలలో కాదో నువ్వూ నేనూ తేల్చే పని కాదది. నాన్న తేల్చుకున్నాడు కదా, చూశాం కదా.

ఇది చదవగానే నువ్వు బస్సెక్కి ఇక్కడికి పరిగెత్తుకొస్తావని నాకు తెలుసు. రావద్దు. ముందు పరీక్ష చేయించుకో, ఆ తరవాత రా. చేయించుకోకుండా వచ్చావంటే తలుపు తియ్యను. ఒట్టు.

అక్క

(బావ సొంతంగా రాస్తున్న ముక్క: తలుపు నిజంగానే తియ్యనివ్వదు. నాతో కూడా ఒట్టు వేయించుకుంది. నువ్వు నన్ను మెట్ల మీద నిలబెట్టి ఏడిపించకు. వెళ్ళి చూపించుకో నాయనా.)


ఇల్లు,
జూన్ నెల

అక్కా,

రక్తం పడుతోంది. అప్పుడప్పుడు. ఎవరికీ చెప్పలేదు. బట్టలు నేనే ఉతుక్కుంటున్నాను. పెద్దయ్యాక నీకు ఇంత బుద్ధి వచ్చిందేమిటని మీ మరదలు మురిసిపోయింది కూడా.

నీ ఉత్తరం తనకిచ్చి గుమ్మంలో నిలబడ్డాను. చదివింది. లోపలికి వెళ్ళి నా చొక్కా ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "రేపు ఆస్పత్రికి" అంది. అప్పుడు చూశాను, ఏడుస్తోంది.

నీకు మందులెక్కించేటప్పుడు పక్కన నేను లేను. బావగారి వంట మీద జోకులు రాస్తూ కూర్చున్నాను. కోపం వస్తోంది, నీ మీద కూడా. ముందే చెప్పుంటే నేనేం చేసేవాణ్ణో తెలియదు గానీ, చెప్పాల్సిందే.

వెళ్తున్నాను.

గరగర


ఇల్లు,
జూన్ నెల

అక్కా,

అయిపోయింది. నిన్ననే. మంచం మీద కూర్చుని రాస్తున్నాను, మీ మరదలు దిండ్లు సర్దుతోంది.

ముందు మందు నీళ్ళ సంగతి చెప్పాలి. "కాసేపు పరుగులు" అని రాశావే, నీ నోట్లో నిజం ఎప్పుడూ చిన్నదిగానే వస్తుందన్నమాట. ఉప్పూ తీపీ కాని ఏదో రుచి, జాడీ నిండా. తాగి, ఏమీ కాలేదే అని గొప్పగా వరండాలో పచార్లు చేశాను. ఆ తరవాత మొదలైంది. మళ్ళీ బయటికి వచ్చి కుర్చీలో కూర్చోవడం ఎందుకని లోపలే పేపరు చదువుకున్నాను. మీ మరదలు తలుపు అవతల నుంచి "ఉన్నారా?" అంటుంది, నాకు వినపడదు, మళ్ళీ అరుస్తుంది. మన ఇంటి గుట్టు రచ్చకెక్కకూడదని నువ్వు ఉత్తరాలు రాశావు గానీ, ఆ రోజు మా వీధిలో తెలియనివాళ్ళు లేరు.

పొద్దున్న ఆస్పత్రిలో వెనక చీలిక ఉన్న గౌను ఇచ్చారు. వెనక అట్ట తియ్యడమంటే ఇదేనన్నమాట అనుకున్నాను. నవ్వొచ్చింది. పక్కకి తిరిగి పడుకోమన్నారు. చిన్నప్పుడు పెరటి చప్పుడు వింటూ ముడుచుకు పడుకున్నట్టే పడుకున్నాను. భయంగా ఉందని నర్సమ్మతో చెప్పేశాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. అంతే, ఆ తరవాత మత్తు.

లేచేసరికి అయిపోయింది. నొప్పి లేదు. డాక్టరు తెర మీద ఫోటో చూపించాడు. ద్రాక్షపండంత ఉంది, చిన్న తొడిమ మీద నిలబడి. దాన్ని ఆ గొట్టంలోంచే తీగ ఉచ్చు వేసి తీసేశాడట. రక్తం దాని నుంచే. మొలలు కూడా ఉన్నాయట, అవి వేరే సంగతి. అవి ఉన్నాయి కదా అని దీన్ని వాటి వెనక దాచి కూర్చున్నాను నేను. తీసినదాన్ని పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా ఏమీ చెప్పలేమన్నాడు.

ఆ ఫోటో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను అక్కా. నాన్నకి కూడా మొదట్లో ఇంతే ఉండుంటుంది. ఎవరో ఒకరు చూసుంటే ఆయన నా పెళ్ళికి వచ్చేవాడు. నా మొదటి కొట్టు బోర్డు ఆయనే కట్టేవాడు. నీకు కూడా ఇంతే ఉండుంటుంది, ఒకప్పుడు. ఏడ్చాను. నర్సమ్మ మత్తు దిగుతోందిలే అనుకుంది.

మా అమ్మాయికి కూడా డాక్టరుతో మాట్లాడించి, తనకి ఎప్పుడు మొదలుపెట్టాలో కనుక్కున్నాను. తను సిగ్గుపడలేదు. మనమే సిగ్గుపడ్డాం.

ఫలితం రాగానే రాస్తాను. నీ సంగతి రాయి, నిజం రాయి.

గరగర


మేడ మీది గది,
జూలై నెల

గరగరా,

ఇది నా చేత్తోనే. పెద్ద పెద్ద అక్షరాలు. కాగితం అయిపోతే అయిపోతుంది.

నీ ఉత్తరం వచ్చాక ఒక రోజంతా దిండు కింద పెట్టుకున్నాను. రాత్రి మీ బావ దీపం ఆపబోతే వద్దన్నాను, ఇంకోసారి చదివాను. ద్రాక్షపండు దగ్గర ఆగి ఆగి చదివాను. తీసేశారు అన్న మాట దగ్గర కూడా.

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మందులు ఇంకా ఎక్కించాలి. అవి అయ్యాక ఫోటోలు తీసి చూస్తారు. తగ్గుతుందా అంటే, చాలామందికి తగ్గుతుంది, చూద్దాం అంటుంది డాక్టరమ్మ. నమ్మకంగానే అంటుంది. ఆవిడ మొహం చూసి అంతకంటే ఎక్కువ తెలుసుకుందామని చూశాను, తెలియలేదు. భయంగా ఉందిరా. మీ బావ ముందు అననిది నీకు రాస్తున్నాను.

మధ్యాహ్నం కిటికీ దగ్గర పడుకుంటాను. కింద వీధిలో ఎవరో పాత పాటలు పెడతారు, పెద్దగా. అప్పుడు కళ్ళు మూసుకుంటే ఎత్తు స్టూలు మీద ఉంటాను. జడ ముందుకి వేసుకుని, వేలికి తీగ కోసుకుపోతుంటే నోట్లో పెట్టుకుంటూ. నాన్న వెనక నుంచి వచ్చి చుట్టిన కాయిల్‌ని వెలుతురికి పట్టుకుని చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడు. ఏమీ అనలేదంటే బాగా చుట్టానన్నమాట. ఆ మెప్పు కోసం ఎన్ని సాయంత్రాలు ఆటకి వెళ్ళలేదో.

నిన్ను మందలించడానికి మొదలుపెట్టాను ఈ ఉత్తరాలు. ఇప్పుడు అవి లేకపోతే తోచడం లేదు. నీ ఫలితం కోసం చూస్తున్నాను. అది మంచిదని తెలిస్తే నా మందు నాకు కాస్త తేలిగ్గా ఎక్కుతుంది.

నీ అక్క


ఇల్లు,
జూలై నెల

అక్కా,

ఫలితం వచ్చింది. మంచిదే. ముందు ఊపిరి పీల్చుకో, తరవాత చదువు.

అది కాన్సర్‌గా మారడం మొదలుపెట్టిందట గానీ హద్దు దాటలేదట. మొత్తం వచ్చేసింది. ఇంకొన్ని ఏళ్ళు అలాగే వదిలేసుంటే మాత్రం నా రిపోర్టులో వేరే మాట రాయాల్సి వచ్చేదని డాక్టరు అన్నాడు. "రక్తం చూసి భయపడి వచ్చారా?" అని అడిగాడు. రక్తం చూసి రాలేదండీ, మా అక్క తలుపు తియ్యనంది, అందుకొచ్చాను అన్నాను. మీ మరదలు బిగ్గరగా నవ్వేసింది. చాలా రోజుల తరవాత నవ్వింది.

నువ్వు నాకు ప్రాణం పోశావు అని రాద్దామనుకున్నాను. రాస్తే నాటకంలో మాటలా ఉంది. అయినా నిజం అదే కాబట్టి ఉండనీ. నీది ఆలస్యంగా తెలియడం వల్ల నాది తొందరగా తెలిసింది. ఇందులో న్యాయం ఏమీ లేదు. నాకు సంతోషించాలో ఏం చెయ్యాలో తెలియక కొట్టు షట్టరు దించేసి లోపల కూర్చున్నాను.

శనివారం బస్సుకి బయల్దేరుతున్నాను. మందు ఎక్కించే రోజు నీ పక్కన నేను కూర్చుంటాను, బావగారు ఇంట్లో పడుకుంటారు. అలిసిపోయుంటారు ఆయన. వంట మీ మరదలు చేస్తుంది, తను కూడా వస్తోంది. తలుపు తియ్యి.

ఇంకొక్క మాట. మూడేళ్ళకి నేను మళ్ళీ ఈ పరీక్షకి వెళ్ళాలి. మత్తిస్తారు కాబట్టి తోడు ఎవరో ఒకరు వచ్చి, అయ్యాక ఇంటికి తీసుకెళ్ళాలట. అప్పుడు తోడు ఎవరొస్తారని ఇప్పుడే అడిగింది నర్సమ్మ. మీ మరదలు "నేను" అనబోయింది. నేను అడ్డుపడి మా అక్క అన్నాను. "ఆవిడ పెద్దావిడ కదండీ, అంత దూరం నుంచి రాగలరా?" అంది నర్సమ్మ. వస్తుంది, రాయమ్మా అన్నాను. రాసింది.

కాబట్టి మూడేళ్ళ తరవాత, ఈ నెలలో, నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకురావాల్సింది నువ్వే. ఆ రోజుకి ఇంకే పనీ పెట్టుకోకు.

నీ గరగర